కుడి భుజం

గ్లెండా పర్కిస్ ఎవరికీ భయపడదని లండన్ అంతా చెప్పుకునేది. రాజభవనం నుంచి బిరుదు ఇస్తామని కబురొస్తే, ఆ రోజు కుక్కకి స్నానం చేయించాలి, కుదరదని చెప్పిన మనిషి. పారిస్‌లో పేరు మోసిన బట్టల సంస్థ ఒకటి ఏరికోరి పిలిస్తే వెళ్లి, మొదటి షోలోనే వాళ్ల ఖరీదైన పట్టునంతా టీ నీళ్లలో నానబెట్టి, ఆ మరకలతోనే అమ్మాయిలను నడిపించి, ఏడాది తిరక్కుండా గెంటించుకుని వచ్చింది. అరవై దగ్గర పడుతున్నా జుట్టుకి ఎర్ర రంగు మానలేదు, నోటికి అడ్డూ ఆపూ రాలేదు. అలాంటి మనిషి వాల్తమ్‌స్టోలో ఒక వృద్ధాశ్రమం మెట్ల మీద, చేతిలో ఒక కోటు పట్టుకుని, లోపలికి అడుగు పడక సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తోంది. లోపల ఉన్నది ఆమె తండ్రి.

స్టాన్లీ పర్కిస్ కోట్లు కుట్టేవాడు. సోహోలో ఒక నేలమాళిగ గదిలో, బల్ల మీద బాసింపట్టు వేసుకుని జీవితమంతా కుట్టాడు. సావిల్ రో వీధిలోని పెద్ద దర్జీ దుకాణాల పేరు చెప్పుకుని ప్రభువులు తొడుక్కు తిరిగిన కోట్లలో చాలా వాటికి ప్రాణం పోసింది ఆయన చెయ్యి. పేరు దుకాణానిది, నడుం నొప్పి ఆయనది. ఒకే వైపు వంగి వంగి కుట్టడంతో కుడి భుజం కిందికి జారిపోయింది. ఆ పనివాళ్లలో చాలామందికి ఉండేదే. కానీ స్టాన్లీకి అది నామోషీ. వంకర ఒళ్లను తిన్నగా చూపించి బతికే మనిషి ఒళ్లే వంకరని తెలిస్తే ఇంకేమైనా ఉందా! అందుకని తన కోట్లన్నిటికీ కుడివైపు అదనంగా ఒక మెత్త పెట్టి కుట్టుకునేవాడు. బయట ఎవరూ ఆ భుజాన్ని చూడలేదు. చూసింది గ్లెండా ఒక్కతే. తల్లి లేని పిల్ల, రాత్రిళ్లు ఆ భుజం మీదే నిద్రపోయేది. జారిన భుజం కాబట్టే తల చక్కగా ఒదిగేది.

పని కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది. నేర్చుకోవడం అంటే తిట్లు తినడమే. ట్రయల్‌కి తెల్ల దారంతో కచ్చా కుట్లు వేసి చూపిస్తే, నచ్చకపోతే ఆయన నోరు విప్పేవాడు కాదు. కోటు చెయ్యి పట్టి పర్రుమని లాగేవాడు. స్లీవు ఊడి చేతికొచ్చేది. నచ్చితే మాత్రం కోటు భుజాన్ని చేతి వెనకవైపుతో ఒక్కసారి దులిపి, "పంపించు" అనేవాడు. ఆయన దగ్గర మెప్పు అంటే ఆ ఒక్క మాటే. గ్లెండాకి అది ఏనాడూ దక్కలేదు.

డెబ్భైల చివర్లో, మూతపడిన ఒక గ్యాసు ఫ్యాక్టరీలో ఆమె మొదటి షో పెట్టింది. తండ్రి పాత నల్లకోటు ఒకటి అడక్కుండా పట్టుకుపోయి కుట్లన్నీ విప్పింది. మెత్త పీకేసింది. ఆ భుజం ఎలా జారిందో అలాగే కనిపించేట్టు గుడ్డను మళ్లీ కోసింది. అందరూ భుజం మీదే వేసే కుట్టును రెండు వేళ్ల వెడల్పు వెనక్కి జరిపింది. అలా జరిపేసరికి గుడ్డ ఒంటిని దాచడం మాని దాని మీద వాలిపోయింది. ఇదిగో మా నాన్న, ఇలా ఉంటాడు, నాకు ఇలాగే ఇష్టం అని ఊరందరికీ చూపించుకుందామని ఆ పిల్ల ఆశ. పత్రికలు పెద్ద బొమ్మ వేసి 'గూని కోటు' అని పేరు పెట్టాయి. మర్నాడు నేలమాళిగలో తోటి పనివాళ్లు ఆ బొమ్మను చూశారు, తర్వాత తలలు తిప్పి స్టాన్లీని చూశారు.

ఆయన ఆమె గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా అవిటితనం సంతలో పెట్టావుటే?"

"అవిటితనం ఏంటి నాన్నా, అది నీ భుజం..."

"నోర్ముయ్. ఇంక నా గుమ్మం తొక్కకు."

ఆ మాట ముప్పై ఏళ్లకు పైగా నిలబడింది. పట్టుదలలో ఇద్దరూ ఇద్దరే. ఆమె చెల్సీలో దుకాణం పెట్టింది, పోలీసులతో తగువులు పడింది, పేరూ అపఖ్యాతీ రెండూ సంపాదించింది. అన్నేళ్లలో ఒక్క బట్టలోనూ మెత్త పెట్టలేదు. భుజం కుట్టు మాత్రం ప్రతిదాంట్లోనూ రెండు వేళ్లు వెనకే. మొదటి నల్లకోటును ఎవరెంత అడిగినా అమ్మలేదు. దుకాణం అద్దాల కిటికీలో, వీపు వీధి వైపు ఉండేట్టు దాన్ని వేలాడదీసింది. క్రిస్మస్‌కి ఆయనకి కార్డు పంపేది. అటునుంచి ఏమీ వచ్చేది కాదు.

ఈ వసంతంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మొత్తం పోయాయి. ఆయన్ని చేర్చుకున్న ఆశ్రమం వాళ్లు కూతురని కబురు చేస్తే ఆమె పరుగెత్తింది. ఆయన ఆమెను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"కోటు కుడతాను ఆయనకి," అంది గ్లెండా, వర్క్‌షాపుకి తిరిగి వచ్చి.

డడ్లీ మొదటి షో నాటి నుంచి ఆమె వెంట ఉన్న కటింగ్ మాస్టర్. బిరుదు కాదన్న రోజు నుంచి ఆమెను దొరసాని అనే పిలుస్తాడు. "మంచం మీద ఉన్న మనిషికి కోటేంటి దొరసానీ? పంట్లాం కుట్టు, పనికొస్తుంది."

"వెటకారం ఆపు. ఆయన కుట్టుకునేట్టే కుడతా. కుడివైపు మెత్త పెట్టి."

డడ్లీ కత్తెర కింద పెట్టాడు. "మెత్తా? నువ్వా? పోయినేడు ఒక పిల్ల మెత్త పెట్టిందని కిటికీలోంచి విసిరేశావే!"

"పిల్లనా, మెత్తనా?"

"మెత్తనే. పిల్ల తనే పోయింది."

గ్లెండా నవ్వలేదు. "ఆయన పోయేలోపు ఒక్కసారి నాకు అవుననాలి డడ్లీ. దానికోసం పది మెత్తలైనా పెడతా. ఓడిపోయానని ఒప్పుకుంటా."

అక్కడే ఆమె ఒక తప్పు చేసింది. కోటును చూసి కొలత తీయకు, మనిషిని పట్టుకుని తియ్యి అని తండ్రి చిన్నప్పుడే నెత్తిన మొట్టి నేర్పాడు. టేపు పట్టుకుని ఆయన దగ్గరికి వెళితే చెయ్యి విదిలిస్తాడేమోనని ఆమెకు భయం. అందుకని ఆయన ఖాళీ ఇంటికి వెళ్లి, అల్మారాలో ఉన్న, ఎప్పటిదో పెళ్లిళ్ల నీలం సూటు తీసి దాని కొలతలు రాసుకుంది. అందులో కుడివైపు మెత్త దిట్టంగా ఉంది. అలాగే చేసింది. ముప్పై ఏళ్లు వెక్కిరించిన పని ఆమె చేతులు ఏమీ మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ కోటుతోనే మెట్ల మీద నిలబడింది. నోరీన్ తలుపు తీసింది. ఐర్లండ్ మనిషి, ఆశ్రమంలో స్టాన్లీని చూసుకునేది ఆమే.

"ఏమ్మా, ఆ మెట్లకి కాపలా పెట్టారా నిన్ను? లోపలికి రా. పెద్దాయన పొద్దున్నే గడ్డం గీయించుకుని కూర్చున్నాడు."

"నాకోసం కాదులే."

"మరి నాకోసమా? అంత అదృష్టమా నాది!"

ఇద్దరూ కలిసి ఆయనకి కోటు తొడిగారు. తెల్ల కచ్చా కుట్లతో, ఇంకా సగం పనిలో ఉన్న కోటు. నోరీన్ అద్దం పట్టుకుంది. స్టాన్లీ చాలాసేపు చూసుకున్నాడు. ఎడమ చేత్తో కాలరు తడిమాడు, బొత్తాల పట్టీ తడిమాడు. ఆ చెయ్యి మెల్లగా కుడి భుజం మీదికి వెళ్లి ఆగింది. వేళ్లు మెత్తను వెతికి పట్టుకున్నాయి. పర్రుమని ఒక్క లాగు లాగాడు. కుట్లు తెగి, తెల్ల మెత్త ఆయన ఒడిలో పడింది. గొంతులోంచి ఏదో మొరటు శబ్దం వచ్చింది. వేలితో భుజం మీద గీసుకుంటూ, ఆమె వైపు చూస్తూ, మళ్లీ అదే శబ్దం చేశాడు.

గ్లెండాకి పదిహేనేళ్ల వయసు తిరిగి వచ్చినట్టయింది. అదే చెయ్యి, అదే చప్పుడు. ముప్పై ఏళ్ల పౌరుషం చంపుకుని తెచ్చిన కోటును కూడా చించేశాడు.

"ఇంక నా వల్ల కాదు నాన్నా," అంది. "నీకు ఏం చేసినా నచ్చను."

కోటు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. వెనకనుంచి ఆ శబ్దం వస్తూనే ఉంది. ఆమె ఆగలేదు.

తర్వాత షో పనులు మీదికొచ్చాయి. ఆశ్రమం నుంచి ఫోన్లు వస్తే తీయలేదు. చివరికి నోరీన్ వర్క్‌షాపుకే ఫోన్ చేసింది.

"పెద్దాయన నీకేదో చూపించాలట, ఒకసారి రమ్మంటోంది," అన్నాడు డడ్లీ.

"ఇంకా చించడానికి ఏం మిగిలింది? షో అయ్యాక చూద్దాం."

"వెళ్లొచ్చెయ్ గ్లెండా." ఆ రోజు దొరసాని అనలేదు.

"షో అయ్యాక అన్నానా!"

షో బ్రహ్మాండంగా అయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే డడ్లీ వచ్చి చెవిలో చెప్పాడు. రెండోసారి వచ్చిన పక్షవాతం ఆయన్ని తీసుకుపోయింది.

ఆశ్రమం గదిలో మంచం అప్పటికే ఖాళీగా ఉంది. నోరీన్ అల్మారాలోంచి కోటు తీసి మంచం మీద పరిచింది.

"నువ్వెళ్లాక రెండు రోజులు ఒకటే గోల. భుజం మీద వేలితో గీస్తాడు, ఊఁ ఊఁ అంటాడు. పెన్సిలిచ్చా, విసిరేశాడు. బిస్కెట్టిచ్చా, అదీ విసిరేశాడు. చివరికి స్నానాల గదిలో అరిగిపోయిన సబ్బుముక్క కనబడితే, అమ్మో, బంగారం దొరికినట్టు పట్టుకున్నాడు. దాంతో గీశాడమ్మా ఇది. మళ్లీ మళ్లీ చెరిపి గీశాడు. ఎడం చెయ్యి కదా పాపం. ఎవరూ ముట్టుకోకూడదన్నట్టు పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. నీకు చెప్దామంటే నువ్వు దొరకవు."

సుద్ద అందకపోతే దర్జీలు అరిగిన సబ్బుముక్కతోనే గీస్తారు. తండ్రి జేబులో ఎప్పుడూ ఒకటి ఉండేది. గ్లెండా వంగి చూసింది. మెత్త ఊడిన కుడి భుజం మీద వణుకుతూ సాగిన తెల్లగీత. భుజం మీద కాదు, రెండు వేళ్లు వెనక్కి.

ట్రయల్‌లో చించాక మాస్టరు సరైన గీత గీసి ఇస్తాడు. చించడం సగం మాట, గీత మిగతా సగం. ఆ సగం వినకుండానే ఆమె వెళ్లిపోయింది.

"ఈ గీత ఆయనకెలా తెలుసు?" అంది.

"అదేమో నాకు తెలీదు. తలుపు వెనక ఆయన రోజూ వేసుకునే జాకెట్టుంది, అది కూడా తీసుకెళ్లు మరి."

మోచేతుల దగ్గర అరిగిపోయిన గోధుమరంగు జాకెట్టు. ఆమె వచ్చిన రెండుసార్లూ తలుపు తెరిచే ఉండడంతో దాని వెనక ఏముందో చూడలేదు. తిప్పి చూసింది. కుడివైపు మెత్త లేదు. పాత కుట్టు విప్పి, రంధ్రాలు కనబడకుండా రఫ్ఫు చేసి, కొత్త కుట్టు రెండు వేళ్లు వెనక వేసి ఉంది. ఆ సన్నటి వరస తండ్రి చెయ్యే, సందేహం లేదు. గుడ్డ నిగ్గు పోయిన తీరు చూస్తే ఏళ్ల తరబడి వేసుకున్నాడని తెలుస్తోంది. ఆమె గుమ్మం తొక్కని మనిషి, ఎన్నిసార్లో చెల్సీ వీధిలో నిలబడి, అద్దంలోంచి ఆ నల్లకోటు వీపు చూసి చూసి నేర్చుకుని ఉండాలి. లోపల కూతురు ఉంది. ఒక తలుపు తోస్తే సరిపోయేది. తోయడానికి ఆయనకీ మొహం చెల్లలేదు. బయటికొచ్చి చూడాలని ఆమెకీ తోచలేదు.

ఆయన్ని ఒక్కసారి ఒంటిమీద చెయ్యి వేసి కొలిచి ఉంటే, రోజూ ఒంటిమీదుండే ఈ జాకెట్టు అప్పుడే చేతికి తగిలేది. గ్లెండా ఆ మంచం మీద కూర్చుని, జాకెట్టు భుజంలో మొహం పెట్టుకుని, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది. నోరీన్ తలుపు దగ్గరికి వేసి బయట నిలబడింది.

కోటు ఆమె ఒక్కతే కుట్టింది. డడ్లీ సాయం చేస్తానన్నా వద్దంది. సబ్బు గీత మీదుగా, గీత వణికిన చోట తనూ వణుకుతూ కుట్టింది. అంత్యక్రియలు జరిపించే సంస్థ వెనక గదిలో తనే ఆయనకి తొడిగింది. జారిన భుజం మీద గుడ్డ జారి, వాలి, నిలబడింది. ఎక్కడా దాపరికం లేదు. కచ్చా కుట్టు ఒక్క పోగు మిగిలితే దాన్ని లాగేసి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది. చిన్నప్పటి అలవాటు. మాస్టరు చూసేదాకా కదలకూడదు.

చాలాసేపు అలాగే నిలబడింది. గుమ్మం దగ్గర డడ్లీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

చివరికి ఆమే ముందుకు వెళ్లింది. చేతి వెనకవైపుతో ఆ కుడి భుజాన్ని ఒక్కసారి దులిపింది.

"పంపించు," అంది తనే.