చిక్కమ్మ బిందె మీద పేరు

మునికృష్ణప్ప ముప్పై ఒక్కేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి 2006లో రిటైరయ్యాడు. కర్ణాటకలోని చింతామణిలో చిన్న ఇల్లు కట్టుకుని భార్య పుట్టమ్మతో ఉంటున్నాడు. ఉద్యోగానికి ముందు, పాతికేళ్ల వయసులో, బాగేపల్లిలో ఒక పాత్రల అంగడి ముందు గోనెపట్ట మీద కూర్చుని కొత్త పాత్రలకు ఉలితో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టేవాడు. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. పుట్టమ్మకు కూడా అది ఎప్పుడో విని మరిచిపోయిన మాటే.

మరుసటి ఏడు వేసవిలో చాకవేలులో పుట్టమ్మ చుట్టాలింట పసిబిడ్డకు పేరు పెడుతుంటే ఇద్దరూ వెళ్లారు. భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి మునికృష్ణప్ప పెరట్లోకి పోయాడు. బండ మీద ఇత్తడి బిందె నిండుగా ఉంది. చెంబు ముంచబోతూ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. బిందె మెడ కింద ఒక తీగ, తీగ చివర ఒక చిలుక. దాని తోక మూడు పాయలుగా చీలి ఉంది. బాగేపల్లిలో తోకను అలా చీల్చేవాడు తానొక్కడే. చిలుక పక్కన కన్నడ అక్షరాల్లో పేరుంది. చక్కమ్మ.

గోడ నీడలో తల నెరిసిన ఒకామె వక్కలు కత్తిరించుకుంటూ కూర్చుని ఉంది.

"చక్కమ్మ అంటే ఎవరమ్మా?" అని అడిగాడు.

"ఆ పేరుండేవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరప్పా. నేను చిక్కమ్మ. కొట్టినోడు తప్పు కొట్టినాడు."

మునికృష్ణప్ప చేతిలోని చెంబు బండ మీద పెట్టేశాడు. ఆమె అడకత్తెర ఆపకుండానే చెప్పుకుపోయింది.

"మా అమ్మ చెనక్కాయలు అమ్మి తీసిచ్చిన బిందె అది. మా అమ్మకీ చదువు రాదు, నాకూ రాదు. కాపురానికి తెచ్చినాక మా ఆడబిడ్డ చదివె. నేను చూస్తే నల్లగా, మొగం నిండా అమ్మవారి మచ్చలు. 'చక్కమ్మ వచ్చెనే, చక్కదనం చూడండ్రే' అని ఇంటిల్లిపాదీ నవ్విరి. పదేండ్లు అదే పేరుతో పిలిచినారు. నీళ్లకు పోయేటప్పుడు ఆ పక్కను నడుముకు తిప్పి పెట్టుకునేదాన్ని, ఎవరికీ కనపడకూడదని."

ఆ పేరు కొట్టింది తానేనని చెప్పలేదు. చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికి వచ్చేశాడు.

బస్సులో తిరిగి వస్తుంటే అంతా గుర్తొచ్చింది. కండక్టరు పని ఖాయమైందని ఉత్తరం వచ్చిన రోజు అది. జేబులో ఆ కాగితాన్ని గంటకు పదిసార్లు తడిమి చూసుకున్నాడు. సాయంత్రం బస్సు పట్టుకోవాలన్న తొందరలో, తల్లీకూతుళ్లు తెచ్చిన ఆఖరి బిందెను తీగా చిలకా ముద్దుగా గీసి, పేరు మాత్రం గబగబా కొట్టేశాడు. చకారం మీద గుడి పెట్టడం మరిచాడు. ఆ తర్వాత ఉలి ముట్టలేదు. తన చేతి పనిలో చివరిది అదే, అదే ఒకరికి పదేళ్లు ఏడుపైంది.

పది రోజులు తిరక్క ముందే కమ్మరి దగ్గరికి పోయి, ఇనుము అరగదీసే పాత ఆకురాయి ముక్కను కాల్పించి రెండు ఉలులు చేయించుకున్నాడు. అటకమీది పాత రాగి పళ్లెం దించి, వీధి అరుగు మీద ఎండలో కూర్చున్నాడు.

మొదటి దెబ్బకే ఉలి జారి పళ్లెం అడ్డంగా గీసుకుపోయింది. ముప్పై ఏళ్లు టికెట్లు చించిన వేళ్లు. పట్టు దొరకలేదు. కళ్లద్దాలు పెట్టుకుంటే చుక్కలు రెండుగా కనిపించేవి, తీస్తే ఒకటీ కనిపించేది కాదు. ఒక పొద్దంతా కొట్టి గరుకు కాగితంతో అరగదీసేవాడు, మర్నాడు మళ్లీ కొట్టేవాడు.

"ఏమప్పా, టకటకా టకటకా ఏం చేస్తాండావు? పక్కింటోళ్లు గోడ పడగొడతాండారేమో అనుకుంటారు" అంది పుట్టమ్మ.

అప్పుడు చెప్పాడు, అంతా. పుట్టమ్మ లోపలికి పోయి, పళ్లెం కదలకుండా అడుగున వేసుకోమని తన పాత కంబళి ముక్క తెచ్చి ఇచ్చింది.

రెండో నెలలో చేతికి కొంచెం జ్ఞాపకం వచ్చింది. ఉలిని ఎంత వాల్చాలో, సుత్తిని ఎంత తేలికగా వదలాలో మెదడు చెప్పకుండానే మణికట్టుకు తెలిసింది. ఒకరోజు కాఫీ చల్లారిపోయిందని పుట్టమ్మ రెండుసార్లు పిలిచినా వినిపించలేదు. ఆ పొద్దు ఒక తీగ తప్పు పోకుండా సగం పళ్లెం చుట్టూ తిరిగి వచ్చింది. దాన్ని అరగదీయడానికి మనసొప్పక, పళ్లెం వెనక్కి తిప్పి రెండో వైపు మొదలుపెట్టాడు.

వానలు తగ్గాక ఉలులు గుడ్డలో చుట్టుకుని చాకవేలుకు పోయాడు. చిక్కమ్మ గుమ్మంలోనే ఉంది.

"అమ్మా, ఆ పొద్దు నేను చెప్పలేదు. నీ బిందె మీద పేరు కొట్టింది నేనే."

ఆమె తల పైకెత్తి అతన్ని పరకాయించి చూసింది.

"నువ్వా? చెవి పక్కన పెన్సిలు పెట్టుకుని ఉండె, ఆయప్పవా?"

"అవునమ్మా. కొత్త ఉద్యోగం వచ్చిందని ఒళ్లు తెలియని సంబరంలో తప్పు చేసినా. దిద్దిపోదామని వచ్చినా."

చిక్కమ్మ కొంగుతో మొగం తుడుచుకుంది. కోపమో నవ్వో అతనికి అంతు పట్టలేదు. "మా ఆడబిడ్డ సచ్చిపోయి ఆరేండ్లాయె. నన్ను ఎక్కిరించినోళ్లే ఇప్పుడు మంచీ చెడ్డా నన్ను అడిగి చేస్తాండారు. ఇంక దిద్దితే ఎంత, దిద్దకపోతే ఎంత?"

"నా పేరున తప్పు మిగిలిపోతాదమ్మా."

ఆమె గుమ్మంలోంచి లేచింది. "సరే, కొట్టు. మా అమ్మ పెట్టిన పేరు అది. ముందు సంగటి తిను, ఖాళీ కడుపుతో చెయ్యి వణికితే మళ్లీ ఇంకేదో కొడతావు."

తిన్నాక బిందె ఖాళీ చేసి లోపల చెక్కముక్క ఆనించి, నేల మీద కాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. చకారం తలకట్టును గుండ్రంగా గుడిలా తిప్పాలి. తొమ్మిది చుక్కలు, అంతకంటే లేదు. ఏళ్ల తరబడి తోమిన ఇత్తడి పలచబడి ఉంది, గట్టిగా కొడితే చిల్లు పడుతుంది. ఒక్కో చుక్కకూ ఊపిరి బిగబట్టాడు. ఆరో చుక్క వెంట్రుకవాసి పక్కకు పోయింది. మిగిలిన మూడింటినీ దానికి తగ్గట్టే వంచాడు.

చిక్కమ్మ బిందెను ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో పాతగుంతలూ కొత్తగుంతలూ తడిమింది.

"కొత్తవి గీరుకుంటాండాయి."

"చింతపండుతో తోమితా ఉంటే నున్నబడతాయమ్మా."

"తోముతాలే," అంది. మళ్లీ తడిమింది. "మా అమ్మ ఉండి ఉంటే చూపించేదాన్ని."

మునికృష్ణప్ప ఉలులు మూట కట్టుకుని, ఆమె ఇచ్చిన తమలపాకులు వేసుకుని, రెండు గంటల బస్సుకు నడిచాడు.

మర్నాడు పొద్దున అతను మళ్లీ అరుగు మీద కంబళి పరుస్తుంటే పుట్టమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఆ పని అయిపోయె గదా. ఇంకేంటికి?"

"ఊరికే," అన్నాడు. పళ్లెం తిప్పి, చిలుక ముక్కు ఎక్కడ మొదలుపెట్టాలా అని చూసుకుంటున్నాడు.