ఉతికిన బట్టలే మళ్ళీ

మంగళవారం పొద్దున ఆమె బీరువాలోంచి ఉతికి మడతపెట్టిన చొక్కాలు నాలుగు, దుప్పట్లు రెండు, కూతురి గౌన్లు ఐదు తీసి, మడతలు విప్పి, చేతులతో కాస్త నలిపి బుట్టలో వేసింది. శుభ్రంగా ఉన్న బట్టల్ని మాసినవాటిలా కనిపించేట్టు చెయ్యడం కూడా ఒక విద్యే. మడత గీతలు కనిపించకూడదు, సబ్బు వాసన గుప్పుమనకూడదు. పైన ఒక నిజంగా మాసిన తువ్వాలు పరిస్తే సరిపోతుంది. నిజానికి ఆ ఇంట్లో మాసిన బట్టల బుట్ట వంక చూసే అలవాటు ఆమెకు తప్ప ఎవరికీ లేదు కాబట్టి ఈ జాగ్రత్తంతా దండగే. అయినా దొంగతనం చేసేవాళ్ళకి ఉండే భయం ఉంటుంది కదా.

"మళ్ళీ ఉతుకుడా?" అన్నాడు భర్త, చెవిలో మీటింగు నడుస్తుండగానే మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి.

"దుప్పట్లండీ."

"సరే. వచ్చాక కాస్త టీ."

వాషింగ్ మెషిన్లు ఫ్లాట్లలో ఉండవు. మొత్తం బిల్డింగుకి కలిపి నేలమాళిగలో మూడు. తలుపు మీద అంటించిన కాగితంలో ఫ్లాట్ నంబరు రాసుకుని వంతు ప్రకారం వెళ్ళాలి. మెషిన్ ఆగిన వెంటనే బట్టలు తియ్యకపోతే తరవాత వచ్చినవాళ్ళు తీసి తడి నేల మీద పడేస్తారు. ఈ దేశం వచ్చిన మొదటి నెలలో ఒకసారి అలాగే భర్త తెల్ల చొక్కాలు నేలపాలయ్యాయి. "అక్కడే కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడతను. ఏదో చిరాకులో అన్నమాట. ఇరవై రెండు నెలల్లో అతను ఆమెకి చేసిన ఉపకారం ఏదైనా ఉందంటే ఆ ఒక్క మాటే. గంటన్నర ఆమె అక్కడే కూర్చోవచ్చు. అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు. టీ అడిగేవాళ్ళు లేరు. గోడవారన ఒక చెక్క అల్మారా ఉంది, దాంట్లో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన పరాయిదేశాలవాళ్ళు వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాలు ఉన్నాయి.

పైన చదవకూడదా అంటే, చదవొచ్చు, ఎవరూ వద్దనలేదు. భర్త ఇంటినుంచే పని చేస్తాడు. హాలంతా అతని ఆఫీసు. ఆమె పుస్తకం తెరిస్తే అతనికి ఛార్జరు కనిపించదు. రెండో పేజీకి దాహం వేస్తుంది. మూడో పేజీకి అత్తగారు వీడియోలో వస్తుంది, "ఏం చేస్తున్నావమ్మా, ఖాళీగానే ఉన్నావుగా" అంటూ. అంట్లు తోముతుంటే మాత్రం ఎవరికీ ఏదీ గుర్తుకు రాదు. ఆడది కూర్చుని ఉంటే ఇంట్లో వస్తువులు వాటంతటవే పోతాయని ఆమెకి పెళ్ళయిన ఏడాదికే తెలిసింది.

అందుకని మూడు నెలలుగా వారానికి నాలుగుసార్లు ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతోంది. చొక్కాల రంగు వెలిసింది, కాలర్లు మెత్తబడ్డాయి. "మా కోడలికి శుభ్రం ఎక్కువ, ఒక్కపూట తొడిగిన చొక్కా మళ్ళీ తొడగనివ్వదు" అని అత్తగారు బంధువులందరికీ చెబుతోందట. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆవిడ మెచ్చుకున్న మొదటి గుణం ఇది. ఆమెకి నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది. ఇంతా చేసి, ఎం.ఎస్సీ. చదివి ఆరేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పిన మనిషి, పుస్తకం చదవడానికి బట్టలు అడ్డం పెట్టుకోవలసి వచ్చిందే అని.

వచ్చిన కొత్తల్లోనే పుస్తకాల కోసం వెతికింది. ఈ దేశం భాష ఆమెకి రాదు, ఇంగ్లీషు వచ్చు. ఇంగ్లీషులో దొరికితే అన్నీ తెలుసుకోవచ్చు కదా అనుకుంది. వీధి చివర పుస్తకాల షాపులో వెనకాల, మెట్ల కింద, ఒక్క అర ఇంగ్లీషుకి ఇచ్చారు. అందులో హత్యల నవలలు, గుర్రాల బొమ్మల పుస్తకాలు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇక్కడ ఎలా బతకాలో చెప్పే పుస్తకం ఉందా అని చేతులూ కళ్ళూ కలిపి అడిగితే, షాపావిడ పాపం చాలాసేపు వెతికి పట్నం మ్యాపు చేతిలో పెట్టింది. లైబ్రరీకి వెళితే కార్డుకి ఇంటి కాగితం కావాలన్నారు. ఇంటి కాగితం భర్త పేరున ఉంది. "శనివారం వెళ్దాంలే" అన్నాడు. ఆ శనివారం ఇంకా రాలేదు. ఫోన్లో వెతికితే తలో మాట చెప్పేవాళ్ళే, ఎవరు ఏ ఊరివాళ్ళో, ఎప్పటి మాటో తెలియదు. "అన్నీ నేను చూసుకుంటున్నాగా, నీకెందుకా తలనొప్పి టీచరమ్మా" అనేవాడు భర్త. టీచరమ్మ అని ముద్దుగానే అంటాడు. ఆమె టీచరుగా ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడూ అలా పిలవలేదు.

ఆమె అంత పట్టుగా వెతకడానికి కారణం కూతురు. ఆరేళ్ళది, ఇంట్లో బుడ్డిది అంటారు. బడిలో ఏడాదిన్నరకే ఇక్కడి భాష గలగలా పట్టేసింది. బడి గేటు దగ్గర పంతులమ్మ ఐదు నిమిషాలు ఏదో చెబుతుంది. బుడ్డిది అంతా విని తల్లివైపు తిరిగి "రేపు టోపీ తేవాలంట" అంటుంది. ఐదు నిమిషాలు టోపీ గురించే చెప్పారా అని అడిగితే, "నీకు తెలీదులే అమ్మా" అంటుంది, అచ్చం తండ్రిలాగే. ఒకరోజు పంతులమ్మ ఆమెనే సూటిగా చూస్తూ ఏదో అడిగింది. బుడ్డిది మధ్యలో దూరి ఏదో చెప్పింది. పంతులమ్మ ఆమె భుజం మీద మెల్లగా తట్టి వెళ్ళిపోయింది. ఆ తట్టడంలో ఏదో తేడాగా అనిపించి ఇంటికెళ్ళే దారిలో అడిగింది.

"ఏం చెప్పావే?"

"మా అమ్మకి మాటలు రావు అని చెప్పా."

ఆమె వీధిలోనే నిలబడిపోయింది. నలభైమంది పిల్లల్ని గొంతుతో కూర్చోబెట్టిన మనిషి. బుడ్డిదాన్ని ఏమీ అనలేదు. దానికి తెలిసింది అది చెప్పింది, అంతే. కానీ ఆ భుజం తట్టడం చాలా రోజులు భుజం మీదే ఉండిపోయింది.

ఈ మంగళవారం మెషిన్లో బట్టలు వేసి, అల్మారా కింది అరలో కొత్తగా వచ్చి పడిన పుస్తకాల్ని చూస్తుంటే దొరికింది, అట్ట ఊడిన పుస్తకం ఒకటి. కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్ళకి ఇంగ్లీషులో రాసిన మార్గదర్శి. చెత్త ఏ డబ్బాలో వెయ్యాలి, డాక్టరు దగ్గర వంతు ఎలా తీసుకోవాలి, బడిలో ఏం అడగాలి, అన్నీ ఉన్నాయి. పేజీల అంచుల్లో ఎవరో పెన్సిలుతో సన్నటి అక్షరాల్లో ఇంగ్లీషులో రాసిన మాటలూ ఉన్నాయి. ఈ నంబరు మారింది. ఈ ఆఫీసులో మూడో కిటికీ దగ్గరికే వెళ్ళండి, ఆవిడ ఓపిగ్గా వింటుంది. ఆ పెన్సిలు మనిషి ఆడదేనని ఆమెకి రెండో పేజీకే తెలిసిపోయింది. పిల్లని ఎత్తుకుని క్యూలో నిలబడితే ముందుకి పంపుతారు, సిగ్గుపడకండి అని రాసింది మరి.

రెండు ఉతుకుల తరవాత, శుక్రవారం, ఆమె ఆ పేజీకి వచ్చింది. భర్తతోనో భార్యతోనో కలిసి వచ్చినవాళ్ళకి ఇక్కడి భాష ఉచితంగా నేర్పుతారు. ఆ క్లాసులు పూర్తిచేస్తే ఉద్యోగానికి అర్హత వస్తుంది. వచ్చిన మొదటి నెలలో ఉత్తరం పంపుతారు, కావాలో వద్దో రాసి పంపాలి. వద్దన్నవాళ్ళు మనసు మార్చుకోవాలంటే రెండేళ్ళలోపే. పక్కన ఉత్తరం ఎలా ఉంటుందో బొమ్మ వేశారు, పైన ఎడమవైపు నీలం గుర్తుతో. దాని కింద పెన్సిలు మాటలు: "రెండో ఏడు నిండేముందు ఈ దేశంలో ఉండే అనుమతి కాగితాలు మళ్ళీ నింపాలి కదా, అందులో నాలుగో పేజీ చూడండి. ఆఖరి అవకాశం అక్కడే. తప్పు గడిలో టిక్కు పడితే ఒక గీతతో కొట్టేసి పక్కన సంతకం పెడితే చెల్లుతుంది, నేను అడిగాను. నాకు తెలిసేసరికి గడువు దాటి ఐదు నెలలయింది."

మెషిన్ ఆగిపోయి చాలాసేపయినట్టుంది. ఎవరో వచ్చి దగ్గితే లేచింది.

ఆ మధ్యాహ్నం భర్త ఆఫీసు పనిమీద బయటికి వెళ్ళగానే కాగితాల ఫైలు తీసింది. దాచిపెట్టిన ఫైలు కాదు, టీవీ కింద అరలోనే ఉంటుంది. ఏ ఉత్తరం వచ్చినా అతను ఫోన్లో అనువాదం పెట్టుకుని చదివి "ఏం లేదు, చెత్త" అని అందులో పెడతాడు. ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు, అంతే. నీలం గుర్తు వెతుక్కుంటూ పోతే అడుగున దొరికింది, జవాబు పంపాక మన దగ్గర ఉంచుకునే రెండో ప్రతి. పైన ఆమె పేరు. కింద రెండు గడులు. వద్దు అన్న గడిలో టిక్కు. దాని కింద సంతకం.

అది ఆమె సంతకమే.

భర్త పెట్టిన దొంగ సంతకం అయినా బాగుండేదేమో. కనీసం ఒకరి మీద కోపం తెచ్చుకోవచ్చు. సంతకం పక్కన పసుపచ్చగా ఒక నూనె మరక, బొటనవేలంత. అది చూశాక ఆ సాయంత్రం మొత్తం గుర్తొచ్చింది. పొయ్యి మీద మూకుడు, చేతినిండా పిండి. అతను కాగితాల కట్ట పట్టుకుని వంటింట్లోకి వచ్చి, పేజీలు తిప్పుతూ వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ. ఇక్కడ. ఇంకోటి ఇక్కడ." చెయ్యి తుడుచుకుని గబగబా పెట్టేసింది. మూకుడు మాడుతుందేమో అన్న ధ్యాస తప్ప ఇంకేం లేదు. చదువురానివాళ్ళు వేలిముద్ర వేస్తారు, చదువుకున్నవాళ్ళు సంతకం పెడతారు. ఎం.ఎస్సీ. చదివిన ఆమె ఆ కాగితం మీద రెండూ వేసింది. పరీక్ష రోజు పిల్లలకి ఆరేళ్ళపాటు చెప్పిన మొదటి మాట ఏమిటి? ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దు.

ఆదివారం భోజనాల దగ్గర అడిగింది.

"వచ్చిన కొత్తల్లో నాకు భాష క్లాసుల గురించి ఉత్తరం వచ్చిందాండీ?"

"వచ్చే ఉంటుంది. వీళ్ళు తుమ్మినా ఉత్తరం రాస్తారు."

"వద్దని పంపాం మనం."

"మనం ఏంటి? సంతకం నువ్వే పెట్టావుగా."

"అదేంటో మీరు చెప్పలేదు."

"నువ్వడిగావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే కష్టం. కూర వడ్డించుకుంటూ, అర్థమయ్యేలా చెబుతున్నవాడి నెమ్మదితో అన్నాడు. "వారానికి నాలుగు రోజులు పొద్దున్నే పోవాలి. అప్పుడు దీనికి బడి కూడా దొరకలేదు. ఎవరు చూస్తారు, నేనా? నీ మంచికే వద్దనుకున్నా. ఐనా మనం ఎన్నాళ్ళుంటాం ఇక్కడ? ఆ భాష పట్టుకెళ్ళి ఊరగాయ పెట్టుకుంటావా?"

"ఇప్పుడు బడికి వెళ్తోందిగా. నాకు నేర్చుకోవాలని ఉంది. ఉద్యోగం చెయ్యాలని ఉంది."

అతను బుడ్డిదాని కంచంలో ఎక్కువైన అన్నం తన కంచంలోకి తీసుకున్నాడు. "చూద్దాం," అన్నాడు.

ఆ ఇంట్లో చూద్దాం అన్న మాటకి చాలా చరిత్ర ఉంది. లైబ్రరీ కార్డు చూద్దాం. ఇంటికి ఫోన్ చేసి ఆమె సర్టిఫికెట్లు తెప్పించడం చూద్దాం. ఇన్ని చూస్తానన్న మనిషి ఇప్పటిదాకా ఒక్కటీ చూడలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. నాలుగు వారాలు ఎదురుచూసింది, ఉతికిన బట్టలు ఉతుకుతూ, పుస్తకం వెనకాల ఉన్న పదాల పట్టికలోంచి ఇక్కడి భాష మాటలు కంఠతా పడుతూ. కావాలి. వద్దు. గడువు. భార్య. నా అంతట నేను.

శనివారం పదింటికి అతను కాగితాల కట్టతో వంటింట్లోకి వచ్చాడు. ఆమె చేతులు సింకులో ఉన్నాయి. అన్నీ అచ్చం అప్పటిలాగే.

"రెన్యువల్ కాగితాలు. పన్నెండింటికి పోస్టాఫీసు మూసేస్తారు. అంతా నింపేశాను, ఇదిగో, ఇక్కడ పెట్టు."

వేలు ఆరో పేజీ అడుగున ఉంది. ఆమె చేతులు కడుక్కుంది. తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుంది. కట్ట అతని చేతిలోంచి తీసుకుని నాలుగో పేజీ తిప్పింది. నీలం గుర్తు, రెండు గడులు. వద్దు అన్న గడిలో టిక్కు, అతని పెన్నుతో, ఎప్పటిలా ముచ్చటగా, గడి దాటకుండా.

"చూద్దామన్నారు కదా," అంది.

"ఈ ఏడాదికి ఇలా కానీ. మళ్ళీ చూద్దాం."

మళ్ళీ అన్నది ఉండదని అతనికి తెలుసో తెలియదో ఆమెకి అర్థం కాలేదు. పేజీ అడుగునే రాసి ఉంది ఆ సంగతి. బహుశా అతనూ ఆ ఒక్క పేజీ చదవకుండానే టిక్కు పెట్టి ఉంటాడు, తనది కాని ప్రశ్న కదా. ఒళ్ళంతా మండింది. కాగితాలు, పెన్ను, అట్ట ఊడిన పుస్తకం బుట్టలో పెట్టుకుని తలుపు తీసింది.

"ఇప్పుడు ఉతకడం ఏంటి? ముందు సంతకం పెట్టు," అన్నాడు వెనకాలే వచ్చి. తొమ్మిదేళ్ళలో మొదటిసారి బుట్టలోకి తొంగిచూశాడు. "బట్టలేవి ఇందులో?"

"బట్టలు మూడు నాలుగు నెలల్నించీ శుభ్రంగానే ఉన్నాయండీ. ఉతికినవే ఉతుకుతున్నాను, చదువుకోవడానికి."

అతను తను తొడుక్కున్న చొక్కా చేతుల వంక, వెలిసిపోయిన నీలం వంక చూసుకున్నాడు.

"పన్నెండింటికి ఇంకా టైముంది," అంది. "చదివి సంతకం పెడతాను. పోస్టులో నేనే వేస్తాను. బుడ్డిది లేస్తే పాలు మీరు కాచండి."

నేలమాళిగలో మూడు మెషిన్లూ ఖాళీగా, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆ గదిలో చప్పుడు లేకుండా కూర్చోవడం ఆమెకి అదే మొదలు. అతని టిక్కుని ఒక గీతతో కొట్టేసింది. కావాలి అన్న గడిలో తన టిక్కు పెట్టి, పక్కన సంతకం చేసింది. ఆ తరవాత మొదటి పేజీకి వెళ్ళి, పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని, మొదటి ప్రశ్న నుంచి చదవడం మొదలుపెట్టింది.