ఇనప్పెట్టె పక్కన నేను

నేను ఒక అద్దాల బీరువాను. రాజమండ్రిలో వీరాచారి అనే వడ్రంగి నన్ను మంచి టేకుతో చేసి, "పుస్తకాలకి ఇల్లు కట్టాను" అని మురిసిపోయాడు. తణుకులో రైసుమిల్లు యజమాని గంధం పేరయ్యగారు నన్ను కొని, పుస్తకాలు నింపి, హాల్లో ఇనప్పెట్టె పక్కన నిలబెట్టారు. నా కడుపుమంట ఆ రోజే మొదలైంది.

పేరయ్యగారు రోజూ స్నానం చేసి, ఆ పెట్టెకు దణ్ణం పెట్టి మరీ తెరిచేవారు. లోపలేముందో ఎవరికీ చూపించేవారు కాదు. నన్ను వచ్చినవాళ్లందరికీ చూపించేవారు, ఎన్నడూ తెరిచేవారు కాదు. కావ్యాలు మోస్తున్న నాకు దుమ్ము, ఆ నల్లటి మొద్దుకు దణ్ణం!

ఒకరోజు చిన్నకోడలు వకుళ అడిగింది. "మావయ్యగారూ, ఒక నవల తీసుకోనాండీ?"

"చదివితే నలిగిపోతాయమ్మా. చదువు పాడవకూడదనే కదా తాళం వేసింది!"

ఆ తర్కంలో తప్పు పట్టడం కష్టం. అందులో తర్కం ఉంటే కదా! వకుళ అద్దంలోంచి పుస్తకాల పేర్లు మాత్రం చదువుకుని వెళ్లిపోయింది.

పేరయ్యగారు పోయాక కొడుకులిద్దరూ అన్నీ పంచుకుని, పెట్టె దగ్గర ఆగిపోయారు. నాకంటే నాకని అరుచుకున్నారు. కోర్టు మాట కూడా వచ్చింది. నా వైపు చూసినవాడు లేడు. అసూయతో నా చెక్కలు బిగుసుకుపోయాయి.

"పెట్టె బావగారికి ఇచ్చేయండి. మనకా బీరువా చాలు," అంది వకుళ.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు ఆమె భర్త శేషగిరి.

"పోలేదండి. ఇన్నాళ్లూ దాన్ని ఆ బీరువాలో పెట్టి తాళం వేశారు."

ఎక్కడ మాట మారుస్తుందోనని బావగారు ఆ సాయంత్రమే పెట్టెను బండెక్కించారు.

గెలిచాననుకున్నాను. వకుళ నన్ను తెరిచి, ఒక్కో పుస్తకమే తీసి చదివింది. తర్వాత వీధిలో ఆడవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని పసుపు మరకలతో తిరిగొచ్చాయి, కొన్ని రానే లేదు.

నిన్న ఎదురింటి సుభద్రమ్మ నన్ను చూసి, "అయ్యో, పుస్తకాలన్నీ ఏమైపోయాయే?" అంది.

"ఏమీ కాలేదు పిన్నిగారూ, చదువుతున్నారు," అని నవ్వింది వకుళ.

ఖాళీ అరలంటే సిగ్గుపడాలి, నాకేమో గర్వంగా ఉంది. అయినా ఎప్పుడూ వకుళ ఒళ్లోనే ఉండే ఒక అట్టలూడిన నవలను చూస్తే మాత్రం, అప్పట్లో ఇనప్పెట్టెను చూసినట్టే నా ఒళ్లు మండిపోతుంది.