కాటా మీద ఇద్దరు

కొల్లేటికోట చేపల రేవులో ఉదయం ఏడింటికే కాటా మొదలవుతుంది. బొచ్చెలూ శీలావతులూ, పెద్దవీ చిన్నవీ కలిపి తూచి సగటు కట్టడం అక్కడి వాడుక. చేపలు పెడితే కాటా కిలోలు చూపిస్తుంది. మనుషులెక్కితే ఒంటి వయసు చూపిస్తుంది. అందుకే పింఛనుకైనా పెళ్లికైనా కాటా చూసే అబ్బాయిరాజు గారు రాసిచ్చే చీటీయే చెల్లుతుంది.

రెండువేల అయిదు జూన్‌లో ఒక సోమవారం రేవులో ఐసు మోసే మరియమ్మ తట్ట కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. వెనకాల నెమ్మదిగా కూతురు సలోమి నడిచొచ్చింది.

"రాజుగారండీ! మా సలోమికి నర్సు ట్రైనింగులో సీటొచ్చిందండీ! ఒంటి వయసు ముప్పై అయిదు దాటలేదని చీటీ కావాలంట. మధ్యాహ్నంలోగా ఏలూరులో ఇచ్చెయ్యాలి!"

"ఇరవయ్యేళ్ల పిల్లకి ముప్పై అయిదు గొడవేంటి మరియమ్మా? ఎక్కమ్మా సలోమీ!"

సలోమి ఎక్కింది. ముల్లు గిర్రున తిరిగి నలభై ఆరు దగ్గర ఆగింది.

మరియమ్మకే నలభై నాలుగు.

సలోమిని ఏలూరు తీసుకెళ్లడానికి సుమనా, వాళ్లమ్మ చాముండేశ్వరి గారూ కారులో వచ్చి ఉన్నారు. ఆరేళ్లప్పుడు సలోమికీ సుమనకీ ఇద్దరికీ రక్త క్యాన్సరు. హైదరాబాదు ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు. ఇద్దరూ బతికారు.

"కాటా పాడైందేమో. నువ్వెక్కి చూడమ్మా సుమనా," అన్నారు రాజుగారు.

ఇరవై రెండు. కాటా బాగానే ఉంది.

జబ్బు ఒకటే, మందులూ ఒకటే. ఇల్లు చేరాకే వేరు. సుమనకి పాలు, పళ్లు, ఆరునెలలకోసారి చెకప్పు. సలోమికి పదకొండో ఏటినుంచీ ఐసు తట్ట. చెకప్పుకి రెండుసార్లు తీసుకెళ్లింది మరియమ్మ. మూడోసారికి కూలి పోతుందని ఆగిపోయింది.

"సర్లే అమ్మా," అంది సలోమి. "తట్ట అందుకో."

"ఉండవే!" సుమన చెప్పులు విడిచేసింది. "రాజుగారూ, మీరు పెద్దదీ చిన్నదీ కలిపి తూచి సగటు కట్టరూ? మమ్మల్నీ కలిపి తూచండి!"

"మనుషుల్ని ఎప్పుడూ అలా తూచలేదమ్మా..."

"సుమనా!" చాముండేశ్వరి గారు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వద్దు!"

"అమ్మగారి మాట వినమ్మా," అంది మరియమ్మ.

చాముండేశ్వరి గారు సలోమి చేతుల కేసి చూశారు. ఐసుకి పగిలి, తెల్లగా పాలిపోయిన చేతులు. ఆవిడ పట్టు సడలింది. ఎందుకని మరియమ్మ అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

ఇద్దరూ ఎక్కారు. రేవంతా పని ఆపి చుట్టూ మూగింది. ముల్లు వణికింది, తిరిగింది, నిలిచింది.

"అరవై ఎనిమిది!" రాజుగారు చెవి మీది పెన్సిలు లాగారు. "తలకి ముప్పై నాలుగు!"

రెండు చీటీలు రాశారు. రెండో సంతకం అవగానే సుమన జడలో ఒక పాయ తెల్లబడింది.

"అబ్బా, మోకాలు!"

"అది నాదే. మెట్లు నెమ్మదిగా ఎక్కు, అలవాటైపోద్ది," అంది సలోమి. ఇద్దరూ పడీపడీ నవ్వారు. చాముండేశ్వరి గారు ఆ పాయని వేలికి చుట్టుకుని, వదిలి, కారు తలుపు తీశారు.

సలోమి చీటీ ఎత్తి పట్టుకుని గట్టు మీద కారువైపు పరుగు తీసింది. ఆ పిల్ల పరుగెత్తి పద్నాలుగేళ్లయింది.

"పడతావే, నెమ్మది!" అని అరవబోయి మరియమ్మ ఆగిపోయింది.

"పరుగెత్తవే!" అని అరిచింది.