కల్లం మీద వల

వల పైకి లాగుతుంటే లేవి చేతికి బరువే తగల్లేదు. అంత పొడుగు వలలో రెండు జెల్ల చేపలు, ఒక పాత చెప్పు, చేరెడు నాచు. కార్తీకమాసపు ఎండ నెత్తిమీదికి వచ్చింది. తెల్లవారకముందే నీళ్ళమీదికి వచ్చిన పిల్లలు మూడు గుండ్రటి పుట్టి పడవల్లో కూర్చుని ఆ రెండు జెల్లల వైపు చూశారు.

"ఇంగ నయం, చెప్పు జతగా రాలే," అంది నాగజ్యోతి.

"చిన్నది అరచెయ్యంత లేదు, ఇడ్సిపెట్టు లేవీ," అంది కృపమణి. ఆమె లేవికి మేనత్త, ఈ పిల్లలందరికీ వల నేర్పే గురువు.

లేవి ముల్లు చిక్కు తీసి జెల్లను నీళ్ళలోకి జార్చాడు. ఇంతమంది కష్టానికి ఒక్క చేప మిగిలింది.

నలభై ఏళ్ళ కిందట శ్రీశైలం నీళ్ళు వచ్చి ఊరిని మింగినప్పుడు కృపమణి ఏడెనిమిదేళ్ళ పిల్ల. జనం గట్టెక్కి కొత్త కొట్టాలు వేసుకున్నారు. నాగలి పట్టిన చేతులు వల పట్టడం నేర్చుకున్నాయి. మునిగిన చేలమీదే చేపలు పట్టుకుని బతికారు కాబట్టి నీళ్ళను ఇప్పటికీ చేల పేర్లతోనే పిలుస్తారు. అదిగో ఏటిమడి, ఇదిగో చవిటిచేను, ఆ పక్కన పంట నూర్చిన కల్లం. బయటివాళ్ళ కంటికి అంతా ఒకటే నీళ్ళు.

కృపమణి బడిలో మొదటి పాఠం కత్తి. ప్రతి ఒక్కరి నడుముకూ ఒక చిన్న కత్తి కట్టి ఉండాలి. వల అడుగున తట్టుకుంటే తాడు కొయ్యాలి, మనిషి మాత్రం దిగకూడదు. నీళ్ళు తగ్గాక ఆ వలను వెతికి తెచ్చుకోవాలి, ఎందుకంటే నీళ్ళలో వదిలేసిన వల పట్టేవాడు లేకపోయినా చేపల్ని చంపుతూనే ఉంటుంది. వల కన్నులో నాలుగు వేళ్ళు దూరాలి. "దూరకుంటే అది వల గాదు, దోమతెర," అనేది. ఇంకొక పాఠం కల్లం గురించి. అక్కడ గుండ్ల సందుల్లో చేపపిల్లలు దాక్కుంటాయి, అక్కడ ఎవరూ వల వేయకూడదు. మునిగిన ఊళ్ళో పుట్టినవాళ్ళ పిల్లలకు చేపల పాఠాలేమిటి, చేపపిల్లకు ఈత నేర్పాలా అని ఊరు మొదట్లో నవ్వింది. ఏసేపు శవాన్ని మోసినవాళ్ళు మాత్రం నవ్వలేదు.

ఏసేపు కృపమణి మొగుడు. రెండేళ్ళ కిందట భూపేష్ దగ్గర అలివి వలకు కూలికి పోయాడు. అలివి అంటే వల కాదు, చీపురు. దోమతెర లాంటి సన్నని కన్నులతో అర మైలు పొడుగుంటుంది. అడుగంటా ఊడ్చుకుంటూ వస్తుంది. బొటనవేలంత చేపపిల్లలతో సహా అన్నీ వల నడిమి సంచిలోకి పోతాయి, ఒడ్డున ఎండి కోళ్ళ దాణాకు పోతాయి. ఆ వల నిషేధమని ఒడ్డున బోర్డు పెట్టారు. భూపేష్ మనుషులు దాన్ని ఆ బోర్డుమీదే ఆరేస్తారు.

ఆ రోజు అలివి అడుగున తట్టుకుంది. బోటులో కూర్చున్న భూపేష్ "దిగు" అన్నాడు. ఏసేపు దిగాడు. మూడోనాడు వలలో చుట్టుకుని తేలాడు. విచారణకు వచ్చినవాళ్ళతో భూపేష్ చెప్పింది ఒకటే మాట: "తాగి దిగినాడు." ఇరవై ఏళ్ళుగా చుక్క ముట్టని మనిషి ఏసేపు. ఆ ఒక్క మాటతో బీమా రాలేదు, చచ్చినవాడికి మర్యాదా మిగల్లేదు.

కృపమణి క్షమించలేదు. పగ దేవునికి వదిలేయమని పాస్టరు ఆదివారం ప్రార్థన చేస్తే ఆమె కళ్ళు మూసుకునేది కానీ ఆమెన్ అనేది కాదు.

పుట్టులు ఒడ్డుకు చేరేసరికి భూపేష్ కారు దిగి నిలబడి ఉన్నాడు. పాత ఊళ్ళో సగం భూమి వాళ్ళ తాతదే. మునక పరిహారంతో వాళ్ళు టౌన్‌లో బార్లు పెట్టుకున్నారు, కంకర మిషన్లు పెట్టుకున్నారు. అవన్నీ చాలక మనవడు మళ్ళీ నీళ్ళమీదికి వచ్చాడు.

"ఏమ్మే కృపమణీ, బడి బాగా జరుగుతాండాదా?"

"జరుగుతాండాదప్పా."

"ఒక చేపకు ఇంతమందా?" నవ్వాడు. "ఇను. మీ పాత ఊరి నీళ్ళలో అలివి ఏసినప్పుడల్లా మోడ్లకు తట్టుకుని చినుగుతాండాది. నా మనుషులంతా బయటోళ్ళు. సదునుగుండే తావు యాడుండాదో నీకే ఎరుక. అది చూపియ్యి. నీ పిల్లోళ్ళను తాడు లాగను పంపు. తలకు ఆరువందలు."

పిల్లలు కాళ్ళు మార్చుకున్నారు. పత్తికొండలో పొద్దస్తమానం టమోటా గంపలు మోసినా మూడు వందలు దాటదు. వాళ్ళ కళ్ళలో ఆ ఆరు వందలు మెరవడం కృపమణి చూసింది. ఇవాళ కాకపోతే రేపు ఒక్కొక్కరే పోతారు. ఏసేపు కూడా అట్లాగే పోయాడు.

"ఏసేపుంటే నాకీ తిప్పలు ఉండేవే గాదు," అన్నాడు భూపేష్ కారు తలుపు మీద చెయ్యి వేసి. "ఏం చేస్తాం, తాగి దిగె."

కృపమణి తడివలను మడత మీద మడత వేసింది. ఆఖరి మడత అయ్యాక తలెత్తింది.

"మా కల్లం మీద ఏసుకోప్పా."

భూపేష్ ముఖం విప్పారింది. కల్లమంటే అతనికి తెలిసింది తమ ఇంటి కల్లమే: పేడతో అలికి అద్దంలా నున్నగా చేసిన నేల, దానిమీద వరసగా తిరిగే ఎద్దులు. అంతకంటే చదునైన చోటు భూమ్మీద ఎక్కడుంటుంది? "ఈ మాట ముందే చెప్పుంటే అయిపోయేది గదమ్మే," అన్నాడు. నాగజ్యోతి ఏదో అనబోయింది. లేవి ఆమె కాలు తొక్కాడు.

కారు పోయాక లేవి అత్త ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆడ వల ఏస్తే పాపమని నువ్వే గదత్తా చెప్పినావు?"

"చెప్పినా."

"మరి ఇదేంది?"

"సదునుగుండే తావు అడిగె. నేను సదును అన్నానా? కల్లం అన్నా."

"ఆడుండే చేపపిల్లలు?"

ఇన్నాళ్ళూ తను నేర్పిన పాఠాన్ని తనే తొక్కుతోంది, అది కృపమణికి తెలుసు. తెలిసీ ఆగలేకపోయింది. "సంచి మనం పట్టుకునుంటాం గదా, కోసేస్తాం," అంది. "కొన్ని చస్తాయి. ఆ పాపం నా మీద ఏసుకుంటా. నీ మామ మీద వాడేసిన మాట కంటే బరువు గాదులే."

మరుసటి రోజు పొద్దున్నే అలివి కల్లం మీద దిగింది. ఒక కొస భూపేష్ ఇంజను బోటుకు కట్టారు. రెండో కొసా నడిమి సంచీ పుట్టుల్లో ఉన్న పిల్లల చేతికిచ్చారు. కృపమణి లేవి పక్కనే కూర్చుంది. కాసేపు వల నున్నగానే వచ్చింది. భూపేష్ చూపుడువేలితో గాలిలో తాళం వేస్తున్నాడు. ఉన్నట్టుండి తాడు బిగుసుకుంది. ఇంజను గట్టిగా అరిచింది, బోటు వెనక్కి గుంజుకుంది, ముందుకు మాత్రం జానెడు కదల్లేదు. ఇంకా లాగితే వల నడిమికి చినుగుతుందని బోటువాడు ఇంజను ఆపేశాడు.

"రాళ్ళేందే ఈడ? కల్లమంటివి గదా!"

"మా కల్లమేప్పా. మీ కల్లం గాదు." కృపమణి గొంతు నీళ్ళమీద స్పష్టంగా వినిపించింది. "సదును బూమంతా మీ జేజినాయన మీ కల్లాలకే పెట్టుకున్యాడు. మాకు గుండ్ల నడుమ సందిచ్చినాడు. ఆడనే కొట్టుకున్యాం, ఆడనే తూర్పారబట్టుకున్యాం. సగం గింజలు రాళ్ళ పాలే. కల్లమంటే మాకు గుండ్లే. నీకు మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

భూపేష్ ముఖం నల్లబడింది. లక్షలు పోసి కొన్న వల. "లేవీ, దిగు," అన్నాడు. "రెండువేలిస్తా. దిగు."

లేవి చెయ్యి చొక్కా గుండీ మీదికి పోయింది. డబ్బుకోసం కాదు. ఆ ఇంటివాళ్ళు దిగమంటే దిగడం, ఎక్కమంటే ఎక్కడం ఆ ఒంటికి తాతలనాటి అలవాటు. కృపమణి వల గురించి అన్నీ లెక్క వేసుకుంది కానీ ఈ "దిగు" అనే మాట మళ్ళీ వస్తుందని, అది ఏసేపును దాటి లేవి మీద పడుతుందని అనుకోలేదు.

గుండీ మీది చెయ్యి కిందికి జారి నడుము దగ్గర ఆగింది. కత్తి ఉంది అక్కడ.

"తాగినోళ్ళు గదన్నా దిగేది," అన్నాడు లేవి. "నేను తాగలే."

"నేనూ తాగలే," అంది పక్క పుట్టిలోంచి నాగజ్యోతి. మూడో పుట్టిలో ఎవరో అదే మాట అన్నారు. తర్వాత అందరూ అన్నారు. బోటులోని బయటి కూలీలకు ఈ మాటలు అర్థమయ్యాయో లేదో, వాళ్ళు తలలు వంచుకున్నారు.

లేవి సంచిని పుట్టి అంచుకు లాగి నిలువునా చీల్చాడు. వేలెడు లేని చేపపిల్లలు కుప్పగా నీళ్ళలోకి జారి చెల్లాచెదరయ్యాయి. కొన్ని తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. కృపమణి వంగి వాటిని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. ఆ పని అయ్యాకే భూపేష్ వైపు తిరిగింది.

"నువ్వు తాగుతావు గదప్పా," అంది. "దిగు."

పుట్టులు ఒడ్డు వైపు తిరిగాయి. వెనక, తాడు కోస్తే వల పోతుంది, కోయకపోతే బోటు కదలదు. భూపేష్ రెండు చేతులా తాడు పట్టుకుని, అడుగు కనబడని నీళ్ళలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.