ఒంటిపట్టా బండి

మారెమ్మ జొన్నగట్క ముంత నెత్తిన పెట్టుకొని కచేరీ మూలకు వచ్చేసరికి దొర బండి మలుపు తిరుగుతోంది. వాన అప్పుడే వెలిసింది. రేగడి బురదలో బండి పక్క దూలం మోస్తున్న తన పెనిమిటి పర్వతాలు కాలు జారడం ఆమె కళ్లారా చూసింది. జారినవాడు లేవబోయాడు. అంతలో దూలం రొమ్ము మీద పడింది.

బండి ఒక పక్కకు ఒరిగింది. లోపల దొరసానులు కేకలు పెట్టారు. జమేదారు బుచ్చయ్య కొరడా పట్టుకొని ఉరికొచ్చాడు.

"ఎత్తుండ్రి! బండి లేపుండ్రి!"

"దూలం కింద మనిషున్నడయ్యా. బరువుకు లేస్తలేదు," అన్నాడు కురుమయ్య. మాదిగవాడలో పెద్దమనిషి అతనే. "లోపటోళ్లను జర దిగుమనుండ్రి, అల్కగయితది."

"దొరసానులు బురదల కాలు పెడ్తరా? అట్లనే ఎత్తుండ్రి!"

అట్లనే ఎత్తారు. ఏడుగురు మనుషులు, నలుగురు దొరసానుల బరువు. ఎత్తబోయిన ప్రతిసారీ దూలం మళ్లీ కిందికి దిగింది. అది పైకి లేచేసరికి పర్వతాలు ఊపిరి ఆగిపోయింది. మారెమ్మ అతన్ని పక్కకు లాక్కొని తల ఒడిలో పెట్టుకుంది. మిగిలినవాళ్లు వెనక్కి చూసుకుంటూ బండి మోసుకుపోయారు. చూసినందుకు వీపుల మీద కొరడా పడింది.

ఆ బండి కొండారం కస్బాకు వచ్చిన కథ చెప్పాలి. దొర ఉత్తరాదిన ఏదో సంస్థానంలో అలాంటిది చూసి మోజుపడ్డాడు. ధాన్యం అమ్మే గంజి నుంచి కచేరీ మీదుగా తన నూనెమిల్లు దాకా బజారు వెంట ఒకటే ఇనుప పట్టా వేయించాడు. మూడు చోట్ల రేకుల కప్పుతో టేషన్లు. రెండెడ్లు లాగుతాయి. ఒక్క పట్టా మీద బండి నిలవదు కాబట్టి, ఒరిగిపోకుండా పక్కన రోడ్డు మీద దొర్లే పెద్ద చక్రం ఒకటి ఉండేది. మొదటి వానాకాలమే అది రేగడిలో దిగబడి విరిగింది. కొత్త చక్రం బొంబాయి నుంచి వచ్చేదాకానే అని చెప్పి చక్రం ఉన్నచోట అడ్డంగా దూలం బిగించి, దాని కింద మాదిగవాడ భుజాలు పెట్టించారు. భుజాలు వెట్టికి వస్తుంటే దొర చక్రం ఎందుకు తెప్పిస్తాడు? అది రానేలేదు.

పర్వతాలు దినాలు కాకముందే బుచ్చయ్య మారెమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు.

"ఇంటికొక మనిషి. వాడు లేకుంటే నువ్వు రావాలె."

"ఆడదాన్ని, నేనెట్ల మోస్తనయ్యా?"

"భుజం ఆడిదైతేంది, మొగదైతేంది? దూలానికేమెరుక?"

మారెమ్మ వెళ్లింది. ఆమె దూలం కిందికి వంగితే అందరూ సర్దుకున్నారు గానీ, పర్వతాలు నిలిచే జాగా మాత్రం ఎవరూ నింపలేదు. అలా వదలమని ఎవరూ చెప్పలేదు. ఆమె పక్కన ఒక మనిషి మేర దూలం ఖాళీగానే ఉండిపోయింది.

బండి కచేరీ మూలకు వచ్చినప్పుడు అందరి అడుగులూ తడబడేవి. ఆ పక్క నుంచి ఆమెకు ఊపిరి వినబడేది. బరువు మోసేటప్పుడు పర్వతాలు ముక్కుతో గట్టిగా తీసే ఊపిరి. బుద్ధి చెడిందేమో అనుకుంది. కానీ ముందు నడిచే నర్సింహ కూడా అక్కడే తల తిప్పి చూసేవాడు. కురుమయ్య ఆ ఖాళీ జాగా వైపు ప్రతిసారీ గొణిగేవాడు. "జరుగు బిడ్డా, జర పక్కకు జరుగు." మూల మీది బట్టల దుకాణం సేటు బండి చప్పుడు వినగానే తలుపు దగ్గరికి వేసుకునేవాడు. లోపల కూర్చున్న దొరలకు మాత్రం ఏమీ వినబడలేదు.

చలికాలం వచ్చింది. జిల్లా అధికారి తాలూకుదారు కస్బాకు వస్తున్నాడని, దొర ఆయన్ను బండి ఎక్కించి ఊరేగిస్తాడని చాటింపు వేశారు. అంగడి మరునాడు బండి నడవదు. ఆ పగలు వాడంతా మారెమ్మ వాకిట్లో చేరింది. ఊరూరా వెట్టి వద్దని చెప్పే సంఘం మనిషి భిక్షపతి తిరుమలగిరి దిక్కు నుంచి నడిచి వచ్చాడు.

"గిదే అదును," అన్నాడు నర్సింహ. "మూల మీద ఒక్కపారే వదిలేద్దాం. లోపటోళ్లు బొక్కలిరిగి సావని."

"తెల్లారేసరికి వాడకు అగ్గి పెడ్తరు," అన్నాడు కురుమయ్య.

భిక్షపతి తల అడ్డంగా ఊపాడు. "వదిలితే ఇద్దరు దొరలు సస్తరు. ఇంకిద్దరొస్తరు. మల్ల మీ భుజాలే. వెట్టి చెయ్యం అని పట్టపగలు, అందరి నడుమ అనాలె."

కురుమయ్యకు కోపం వచ్చింది. "అనుడు అల్కనే. కొట్టేటప్పుడు నీ వీపుంటదా?"

"ఉంటది పెద్దనాయినా. ఆ దినం నేను గూడ దూలం కింద ఉంట. ఖాళీ జాగ ఉన్నదంట గద."

"అది ఖాళీ లేదు," అంది మారెమ్మ.

అందరూ ఆమె దిక్కు తిరిగారు.

"నాకొక్కదానికే ఇనబడుతాందనుకున్న. మీకూ ఇనబడుతాంది, నాకెరుకే. పానం పోయినా ఆయన మోస్తనే ఉన్నడు. సచ్చినోనికి గూడ వెట్టి తప్పలే." ఆమె నర్సింహ వైపు తిరిగింది. "పడేసుడొద్దు నర్సింహా. లోపట ఎవరున్నా మనుషులే. మెల్లగ దించుదాం, పసిబిడ్డను దించినట్టు. దించినంక మల్ల ఎత్తొద్దు. సంపినా ఎత్తొద్దు."

"పర్వతాలు నా కొడుకసొంటోడు," అన్నాడు కురుమయ్య. "దించుదాం."

తాలూకుదారు వచ్చిన రోజు బజారు కిక్కిరిసింది. ఎడ్ల కొమ్ములకు రంగులు, బండికి తోరణాలు. భిక్షపతి దూలం చివరన భుజం పెట్టాడు. గంజి టేషన్ దాటింది. కచేరీ మూల వచ్చింది. ఊపిరి మారెమ్మ చెవి పక్కనే ఉంది.

"దించుండ్రి!" అంది.

అందరూ మోకాళ్లు వంచారు. దూలం నెమ్మదిగా నేలను తాకింది. బండి ఒరిగి ఆగింది. లోపల తాలూకుదారు జారి దొర ఒళ్లో పడ్డాడు. జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

మారెమ్మ పక్కకు తిరిగి విన్నది. ఊపిరి లేదు. కార్తె మారి గాలి ఆగినట్టు ఆగిపోయింది. ఆమె అప్పుడు ఏడ్చింది, ఆ మూల మీద మొదటిసారి.

బుచ్చయ్య కొరడా లేచింది. కురుమయ్య వీపు చిట్లింది. "సంపు," అన్నాడు ముసలాయన కూర్చున్నచోటే. "భుజం మాత్రం పెట్ట."

దొర గంజి హమాలీల వైపు కేకేశాడు. "మీరు రాండ్రిరా, ఎత్తుండ్రి!" హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెత్తి రుమాళ్లు విప్పి దులుపుకొని భుజాన వేసుకున్నారు. ఒక్కడు కదల్లేదు. చాకలివాళ్లను పిలిచాడు, కుమ్మరులను పిలిచాడు, ఎవరూ రాలేదు. చివరికి తాలూకుదారు దుమ్ములో దిగి నడిచాడు.

జవాన్లు దూలం మోసిన వాళ్లందరినీ తాళ్లతో కట్టి నల్గొండ జైలుకు నడిపించారు. మారెమ్మ వాళ్లలో ముందు నడిచింది. దెబ్బలకు ఒళ్లు పచ్చిపుండైంది, కానీ ఆమె ఆగి కూర్చోలేదు.

దారిలో ఒక ఊరి దగ్గర నీళ్లకని ఆపారు. ఆ ఊరి ఆడమనిషి అరుణమ్మ కడవ తెచ్చి, కట్టేసిన దోసిళ్లలో నీళ్లు పోసింది.

"బండి దించింది మీరేనా అక్కా?"

"మేమే."

"కొట్టిండ్రా?"

"మస్తు కొట్టిండ్రు."

"మల్ల ఎత్తిండ్రా?"

"ఎత్తలే. గక్కడ్నే పడున్నది."

అరుణమ్మ ఆ మాటకు వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు పక్కన ఆమె పెనిమిటి, రెవెన్యూ అధికారి అయిన గిర్దావరు ట్రంకుపెట్టెను వెట్టికి నెత్తిన మోస్తూ నిలబడి ఉన్నాడు. అతనూ విన్నాడు. ముందున్న గుర్రం మీద నుంచి గిర్దావరు అరిచాడు.

"నడువురా! ఏం జూస్తున్నవ్?"

అతను నడవలేదు. మోకాళ్లు వంచి, చప్పుడు కాకుండా, ట్రంకుపెట్టెను రోడ్డు నడుమ దించాడు.