ఈత కాదు సార్

మూడో నంబరు మంచం మీది పెద్దాయనను ఎడమ పక్కకు తిప్పడానికి పెద్దక్క ముందుగా తన మోకాలిని మంచం అంచుకు ఆనించింది. ఆయన నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటి కొసను రెండు చేతులా చుట్టి పట్టుకుని, మనిషిని కాకుండా దుప్పటిని లాగింది. మనిషిని లాగితే చర్మం ఒరుసుకుంటుంది. దుప్పటిని లాగితే మనిషి తనంతట తానే దొర్లుతాడు. ఆయన నిద్ర చెడకుండానే పక్కకు ఒత్తిగిలాడు. వీపు వెనక దిండు దోపి, కింది వైపుకొచ్చిన చెవి మడత పడకుండా సరిచేసి, ఆమె పెదవులు కదుపుకుంటూ నాలుగో మంచం దగ్గరికి నడిచింది.

పెదవులు కదపడం జపం కోసం కాదు. ఆ రోజు పదకొండు గంటలకు ఆమెకు ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఉంది.

యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. సబ్బునీళ్ళలో నాని నాని అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. గోళ్ళు చిగురు దాకా కత్తిరించి ఉంటాయి. ఆ ఆసుపత్రి రెండో అంతస్తు వార్డులో ఇరవై రెండేళ్ళుగా ఆయా పని చేస్తోంది. మిగిలిన ఆయాలు పెద్దక్క అని పిలవడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందంటే, జీతం కాగితం మీద తన అసలు పేరు చూసుకున్నప్పుడల్లా ఆమెకు ఎవరిదో అనిపిస్తుంది.

పరీక్ష గొడవ నెల కిందట మొదలైంది. ఆసుపత్రి చేతులు మారింది. వార్డుల్లో తిరిగే ప్రతివాళ్ళూ రోగులతో నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడగలగాలని కొత్త యాజమాన్యం పట్టుబట్టింది. తప్పినవాళ్ళ ఉద్యోగం పోదు, జీతమూ తగ్గదు. కింద బట్టలు ఉతికే గదికి పంపేస్తారు. ఆ తర్వాత వార్డులో అడుగు పెట్టడానికి వీల్లేదు.

ఏం అడుగుతారో రికార్డుల గుమాస్తా ముందే కూపీ లాగాడు. మీలో ఉన్న ప్రతిభ గురించి రెండు నిమిషాలు చెప్పమంటారట. ఆయాల గుండెల్లో రాయి పడింది. ప్రతిభ అంటే టీవీలో పాటలు పాడేవాళ్ళకు ఉండేదని వాళ్ళ లెక్క. గుమాస్తా జాలిపడి, తన కూతురు బడిలో రాసిన వ్యాసం తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లకు ఈత వచ్చు, కప్పు కూడా గెలిచింది. ఇంకేముంది, నలుగురితో నారాయణ అన్నట్టు పరీక్షకు వెళ్ళాల్సిన పద్నాలుగు మందీ ఆ వ్యాసాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని 'మై టాలెంట్ ఈజ్ స్విమ్మింగ్' అని బట్టీ పట్టారు. బకెట్టు నీళ్ళు చూస్తేనే తుమ్ములొచ్చే లిఫ్టు మనిషి కూడా పొద్దస్తమానం గాల్లో ఈదుతూ కనిపించేవాడు.

పెద్దక్క కూడా పది రోజులు ఈదింది. పదకొండో రోజున తొమ్మిదో మంచం టీచరమ్మకు దొరికిపోయింది.

టీచరమ్మ ఆడపిల్లల బడిలో ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. ఒక తమ్ముడున్నాడు, ఆదివారం వచ్చి, మంచం పక్కన పేపరు మొత్తం చదివి, లేచి వెళ్ళిపోతాడు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట నోటి ఎడమ కొసలోంచి, ఒక్కొక్కటిగా వస్తుంది. వచ్చిన మాట మాత్రం బెత్తంలాగే ఉంటుంది.

"అమ్మాయ్, నీకు ఈత వచ్చా?" అని అడిగింది ఆ రోజు.

"రాదు టీచరమ్మా."

"మరి రెండు నిమిషాలు అబద్ధం ఎలా చెప్తావు? మా పిల్లలు అరనిమిషంలో దొరికిపోయేవాళ్ళు."

"ఏం చేయనమ్మా, నాకే ప్రతిభా లేదు. పక్కలు దులుపుతాను, మనుషుల్ని కడుగుతాను. అంతే కదా."

"పోయేవాళ్ళ పక్కన కూర్చుంటావుగా. అది చెప్పు."

పెద్దక్క ఉలిక్కిపడింది. అది ఒకరికి చెప్పుకునే సంగతని ఆమె ఎన్నడూ అనుకోలేదు. "అదేం విద్యమ్మా, ఎవరైనా కూర్చుంటారు" అంది.

"ఎవరూ కూర్చోరు. నేను నాలుగు నెలలుగా చూస్తున్నానుగా."

నిజమే, ఎవరూ కూర్చోరు. పెద్దక్క కూర్చుంటుంది. రోజుకు ఒకసారి ప్రతి మంచం దగ్గరా ఆగి, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి రోగి కాలివేళ్ళు తడుముతుంది. చలి ముందు వేళ్ళలో మొదలవుతుంది, తర్వాత పాదానికి, పిక్కలకు ఎక్కుతుంది. వేళ్ళు చల్లబడ్డాయంటే ఇక ఆ పూట ఆమె స్టూలు ఆ మంచం పక్కనే. మిగతా పనులు చేసుకుంటూనే మళ్ళీ మళ్ళీ వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుంటుంది. చివరికి చెయ్యి పట్టుకుంటుంది. మాట్లాడదు. పెద్దక్క స్టూలు లాగిన చప్పుడు వింటే చాలు, హెడ్ సిస్టర్ బంధువులకు ఫోన్ చేసేది. డాక్టర్ల మాటైనా ఒకటి రెండుసార్లు తప్పింది గాని, ఆ స్టూలు తప్పలేదు.

దీనికి మూలం ఆమె భర్త. లారీ నడిపేవాడు. దారిలో ఎక్కడో గుండెపోటు వస్తే ఎవరో ఒక ఆసుపత్రిలో పడేసి పోయారు. ఈమె చేరుకునేసరికి సాయంత్రమైంది. ఎన్నింటికి పోయాడని అడిగితే ఒకళ్ళు మధ్యాహ్నమన్నారు, ఒకళ్ళు పొద్దున్నే అన్నారు. ఆ గంట తెలియకపోవడం ఆమెను ఈనాటికీ తొలుస్తూనే ఉంది. ఆ మరుసటి ఏడే ఈ పనిలో చేరింది.

టీచరమ్మ అప్పుడే ఇంకో మాట కూడా అడిగింది. తల అటు తిప్పుకుని అడిగింది. "నా వంతు వచ్చినప్పుడు ఉంటావు కదూ?"

"ఉంటానమ్మా. ఇప్పుడంత తొందరేం లేదులెండి."

"తమ్ముడికి చెప్పకు. వాడు భయస్తుడు."

పెద్దక్క మాట ఇచ్చింది. పరీక్ష తప్పి కింద బట్టల గదిలో పడితే ఆ మాట తప్పినట్టే. మెట్లెక్కి పైకి రానివ్వరు. ఆమె బెంగంతా దీని గురించే. బట్టలు ఉతకడానికి ఆమెకేం నామోషీ లేదు.

"పెద్దక్కా, తొమ్మిదో నంబరు నేను చూసుకుంటాలే. నువ్వు నీ ఇంగ్లీషు చూసుకో" అని వార్డు ఆ చివర నుంచి కేక వేసింది రేడియో.

రేడియో ఇంకో ఆయా. ముప్ఫై ఏళ్ళుంటాయి. లేచింది మొదలు పడుకునేదాకా నోరు మూయదని ఆ పేరు పెట్టారు. ఆమె పరీక్ష నిన్ననే అయిపోయింది. ఈత గురించి గడగడా చెప్పేసి బయటపడింది. ఇవాళ పెద్దక్క పనిలో సగం తన నెత్తిన వేసుకుంది. టీచరమ్మకు ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, జడ కూడా తనే వేసింది.

ఎనిమిదింటికి జావ పట్టడానికి మాత్రం పెద్దక్కే వెళ్ళింది. టీచరమ్మ మూడు చెంచాలు మింగి ఇక చాలంది.

"ఇంకొక్కటి."

"పాఠం ముందు. చెప్పు."

పెద్దక్క గిన్నె ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన ఇంగ్లీషంతా చెప్పింది. టీచరమ్మ రెండుచోట్ల దిద్దింది. మూడోచోట దిద్దబోయి, ఎందుకో ఊరుకుంది. "అలాగే ఉండనీ. బాగుంది" అంది. ఇన్ని రోజుల్లో ఆమె బాగుందనడం అదే మొదటిసారి. పెద్దక్క ముఖం విప్పారింది.

"అక్కడ ఏం చెప్పావో వచ్చి నాకు చెప్పాలి. ఒక్క ముక్క వదలకూడదు."

"అలాగే టీచరమ్మా."

పది గంటల ఇరవై నిమిషాలకు ఏప్రను విప్పి, ముఖం కడుక్కుని, బయలుదేరే ముందు పెద్దక్క తొమ్మిదో మంచం దగ్గర ఆగింది. టీచరమ్మ కళ్ళు మూసుకుని ఉంది. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చింది. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. నిన్నటికంటే వెచ్చగా ఉన్నాయి. మనిషి కోలుకుంటోందనుకుంది. దుప్పటి సర్ది, తేలికైన మనసుతో మెట్ల వైపు కదిలింది. రేడియో అక్కడే నిలబడి ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. అది చూసి పెద్దక్కకు నవ్వొచ్చింది.

నాలుగో అంతస్తు గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ఇద్దరు ఉన్నారు. ఒకాయన చొక్కా చేతులు మడిచి, కణతలు నొక్కుకుంటున్నాడు. పక్కన కళ్ళద్దాల మేడమ్ కాగితాలు సర్దుతోంది. కూర్చోమన్నారు. పెద్దక్క కుర్చీ అంచున కూర్చుంది. ప్రశ్న అడిగారు. ఆమె గొంతు సవరించుకునేలోపే ఆయన ఇంగ్లీషులో విసుగ్గా, "స్విమ్మింగే కదా?" అన్నాడు.

"నో సార్. స్విమ్మింగ్ కాదు సార్" అంది పెద్దక్క. కంగారులో తెలుగు కలిసింది.

ఆయన కణతల మీంచి చెయ్యి తీశాడు.

"ఐ సిట్" అంది ఆమె. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. మిగిలిన ముక్కల్ని ఏరుకుంది. "పేషెంట్ గోయింగ్, ఐ సిట్. ఐ హోల్డ్ హ్యాండ్."

"ఎక్కడికి వెళ్తారు?" అని మేడమ్ ఇంగ్లీషులోనే అడిగింది.

పెద్దక్క కాసేపు వెతుక్కుంది. "లాస్ట్ గోయింగ్, మేడమ్" అంది.

ఎలా తెలుస్తుందని మేడమ్ అడిగింది. పెద్దక్క వంగి తన కాలివేళ్ళు చూపించింది, ఈ చలి, ఇలా ఇలా పైకి, అని చేతితో మోకాలి దాకా గీసింది. 'కోల్డ్' అన్న మాట సమయానికి దొరికింది. ఇంగ్లీషు తడబడినచోటల్లా చేతులు నడిపించాయి. చివరికి టీచరమ్మ దిద్దకుండా వదిలేసిన వాక్యం, తప్పుతో సహా, నోటికొచ్చింది. "ట్వంటీ టూ ఇయర్స్, నోబడీ గో అలోన్."

గోడ గడియారం పదకొండు దాటి ఇరవై నిమిషాలు చూపిస్తోంది. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, ఎవరూ ఆపలేదు. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కాగితం మీద ఏదో రాసింది. తర్వాత తెలుగులో అంది, "మీరు వార్డులోనే ఉంటారు. ఇంక వెళ్ళి మీ పని చూసుకోండి."

పెద్దక్క లిఫ్టు కోసం ఆగలేదు. ఈడ్చే కాలుతోనే మెట్లు దిగింది. దారిలో ఒక్కో ముక్కా గుర్తు చేసుకుంది, టీచరమ్మ ఏదీ వదలొద్దంది కదా. 'లాస్ట్ గోయింగ్' అన్నది తప్పో ఒప్పో అడగాలి. తప్పయితే నవ్వుతుంది, ఎడమ పెదవి ఒక్కటే పైకి లేస్తుంది.

తొమ్మిదో మంచం చుట్టూ తెర లాగి ఉంది.

హెడ్ సిస్టర్ తెరలోంచి బయటికి వస్తూ చార్టు మీద రాస్తోంది. పెద్దక్క ఆ కాగితం వైపు చూసింది. అంకెలు ఆమెకు చదవడం వచ్చు. పదకొండు ఇరవై.

"నిద్రలోనే పోయారు పెద్దక్కా" అంది సిస్టర్. "తమ్ముడిగారికి చెప్పాను. వస్తున్నారు."

లోపల రేడియో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నోట మాట లేదు.

"పక్కన ఎవరున్నారు?" అంది పెద్దక్క.

"నేనే ఉన్నాను. ఆరో నంబరు ఆయన మంచం దిగబోయి పడిపోతుంటే పరిగెత్తాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు పెద్దక్కా. వచ్చేసరికి..."

పెద్దక్క మంచం దగ్గరికి వెళ్ళింది. టీచరమ్మ ముఖం తలుపు వైపు తిరిగి ఉంది. ఎడమ చెయ్యి మంచం అంచు దాటి బయటికి చాచి ఉంది. పెద్దక్క ఆ చెయ్యి పట్టుకుంది. ఆలస్యమైందని తెలిసీ పట్టుకుంది.

"పొద్దున కాలివేళ్ళు వెచ్చగా ఉన్నాయి" అంది. "నేను చూసే వెళ్ళాను. ఇంత పొరపాటు నాకెప్పుడూ జరగలేదు."

రేడియో ముఖం చేతుల్లో దాచుకుంది. "నువ్వు పొరపాటు పడలేదు పెద్దక్కా. పొద్దున ఒళ్ళు తుడిచేటప్పుడే కాళ్ళు మంచులా ఉన్నాయి. వేడినీళ్ళ బ్యాగు పెట్టాను. నువ్వొచ్చే ముందే తీసి దాచేశాను. చెప్తే నువ్వు పరీక్షకి వెళ్ళవు కదా. మధ్యాహ్నం దాకా ఆగుతుందనుకున్నాను. నిన్ను కిందికి పంపేస్తే వార్డులో మిగతావాళ్ళంతా ఏమైపోతారని..."

మిగతాది ఏడుపులో కలిసిపోయింది. పెద్దక్కకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. తన మేలు కోరి చేసిన పనిని ఏమని తిట్టాలి? చెప్పి ఉంటే వెళ్ళేది కాదు, పరీక్ష తప్పేది, బట్టల గదికి పోయేది, ఇవాళ ఒక్క పూట ఈ స్టూలు మీద కూర్చునేది. అంతకంటే ఆమెకు ఏమీ అక్కర్లేదు. ఆ మాట రేడియోతో అనలేదు. దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. అప్పుడు తనకూ ఏడుపొచ్చింది. వార్డులో ఎవరూ చూడని ఏడుపు, ఇరవై రెండేళ్ళది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని నీళ్ళు తెమ్మంది. ఇద్దరూ కలిసి టీచరమ్మకు ఒళ్ళు తుడిచారు, శుభ్రమైన గౌను తొడిగారు. పెద్దక్క చాచిన చేతిని మెల్లగా మడిచి గుండెల మీద పెట్టింది. అలా పెడుతూనే, ఎవరికీ వినపడకుండా, పైన గదిలో తాను ఏం చెప్పిందీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. చివరి వాక్యం దగ్గరికొచ్చి ఆగిపోయింది. దాన్ని ఇక ఎవరి ముందూ చెప్పలేదు.

తమ్ముడు వచ్చాడు, సంతకాలు పెట్టాడు, ఒకటిన్నరకు స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. పెద్దక్క దిండు తీసింది, దుప్పటి లాగింది. తను పరీక్షకు వెళ్ళాక రేడియో రెండోసారి నింపి, తువ్వాలులో చుట్టి పెట్టిన ఎర్ర రబ్బరు బ్యాగు కాళ్ళ వైపు పరుపుకూ కమ్మీకీ మధ్యకు జారిపోయి కనిపించింది. చేతిలోకి తీసుకుంది. లోపల నీళ్ళు అటూ ఇటూ కదిలాయి, ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.